బావమరిది టైటిళ్ళకు తోక కట్టిన బ్రష్షు బాబాయి

బజారు మెట్ల కింద, గొడుగు తెరిస్తే నిండిపోయేంత కొట్టులో కూర్చుని ముప్పై ఏళ్ళు బోర్డులు రాసిన మనిషిని అందరూ బ్రష్షు బాబాయి అనేవారు. ఆయన చేతి మహిమ గురించి చాలా చెప్పుకునేవారు. ఐసు ఫ్యాక్టరీ గోడ మీద ఆయన మూడు మూరల ఎత్తున 'ఐసు' అని రాస్తే ఎదురింటి ముసలాయనకు వారం రోజులు జలుబు వదల్లేదట. మందుల షాపు బోర్డు చదివేసరికే సగం జ్వరం తగ్గిపోయి, జనం లోపలికి రాకుండా వెనక్కి మళ్ళుతున్నారని షాపాయన ఆయనతో తగాదా కూడా పెట్టుకున్నాడట. వీటికి ప్రమాణం చేసి చెప్పే సాక్షులు ఇప్పటికీ ఉన్నారు. ఒక్క పిన్ని మాత్రం నమ్మదు.

"అంత గొప్ప చెయ్యి అయితే వంటింట్లో డబ్బాల మీద పేర్లు రాయమనండి. అడిగి పదకొండేళ్ళయింది" అనేది ఆయన భార్య.

పిన్నికి ఒక తమ్ముడున్నాడు. అతని చొక్కా మెరుస్తుంది, బూట్లు మెరుస్తాయి, నవ్వితే కట్టించుకున్న పన్ను మెరుస్తుంది. ఏ పని చెప్పినా "మెరుపులా అయిపోతుంది" అనేవాడు కాబట్టి బజారంతా అతన్ని మెరుపు అనే పిలిచేది. ఏడేళ్ళు బాబాయి దగ్గరే పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నదేమిటని అడిగితే బాబాయి ఒక్క ముక్కలో చెప్పేవాడు: "వాడు ఏదీ చివరిదాకా చదవడు." ఒకసారి దంతవైద్యుడి బోర్డు రాయమని కాగితం ఇస్తే మొదటి మూడు వరుసలు రాసి, నాలుగో వరుస చూడకుండానే నిచ్చెన దిగేశాడు. డాక్టరు ఏ వేళల్లో ఉంటాడో ఆ నాలుగో వరుసలో ఉంది. పాపం, పంటినొప్పి మనుషులు నెల రోజులపాటు తాళం ముందు దవడలు పట్టుకుని నిలబడ్డారు.

ఏడో ఏడు దాటగానే మెరుపు వేరే కొట్టు పెట్టాడు. ప్రింటు మిషను తెచ్చాడు, ఫ్లెక్సులు వేయడం మొదలుపెట్టాడు. అంతవరకు బాబాయికి అభ్యంతరం లేదు. ఎవరి బతుకు వాళ్ళది. కానీ వెళ్తూ వెళ్తూ మెరుపు ఇంకో పని చేశాడు. బాబాయి ముప్పై ఏళ్ళలో రాసిన బోర్డులన్నిటికీ వీధి వీధీ తిరిగి ఫోటోలు తీసి, వాటిని నెట్‌లో తన పేజీల్లో పెట్టి, "మా పనితనం" అని రాసుకున్నాడు.

ఈ సంగతి బాబాయికి బజారు సంఘం సభలో తెలిసింది. అందమైన అక్షరాలకని సంఘం ఆ ఏడు ఒక అద్దపు ఫలకం ఇచ్చింది. బ్రెడ్డు షాపు బోర్డుకి ఇచ్చింది. ఆ బోర్డును బాబాయి తొమ్మిది రోజులు జ్వరంతో నిచ్చెన మీద నిలబడి రాశాడు. ఫలకం అందుకున్నది మెరుపు. బాబాయి మూడో వరుసలో కూర్చుని ఉన్నాడు. పక్కనున్నవాళ్ళు కొడుతుంటే ఆయన చేతులు కూడా వాటంతట అవే చప్పట్లు కొట్టాయి. అప్పుడెవరో అడిగారు: "మీ బావ కూడా రాస్తాడు కదా?"

"మా బావా?" అన్నాడు మెరుపు, మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని. "పాపం, నాకు రంగు డబ్బాల మూతలు తీసిచ్చేవాడు."

సభంతా నవ్వింది.

బాబాయి ఇంటికి వచ్చి, చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని, పళ్ళు నూరుతూ ఒక మాట అన్నాడు: "ఆ బోర్డు రాసింది ఎవరో వాడి నోటితోనే చెప్పిస్తాను. అదే మైకులో. అదే జనం ముందు."

"నా తమ్ముణ్ణి కొట్టకండి" అంది పిన్ని. ఆయన విప్పిన చెప్పులు పక్కకు సర్ది, "మరీ గట్టిగా కొట్టకండి" అని సవరించింది.

కొట్టే ఉద్దేశం బాబాయికి లేదు. దెబ్బ రెండు రోజుల్లో మానిపోతుంది. ఆయనకు మానని దెబ్బ కావాలి.

ఇంట్లో కోడలుంది. దుకాణాలకు నెట్‌లో పేజీలు తయారుచేసి పెట్టడం ఆమె ఉద్యోగం. బజారులో సగం కొట్లకు ఆమే చేసింది. మామగారికి కూడా ఎప్పుడో సరదాగా నలభై ఒక్క పేజీలు చేసిపెట్టింది, బోర్డుకొకటి. ఆయన వాటి మొహం చూసింది లేదు. ఆ ఆదివారం పొద్దున్నే కళ్ళజోడు తుడుచుకుని ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మాయీ, బోర్డు కావాలని ఎవరైనా వెతికితే వాడి పేజీ పైన కనిపిస్తోంది. నాది ఎక్కడుంది?"

కోడలు వెతికింది. ఆరో తెరలో, అడుగున ఉంది.

"ఎందుకంత కిందికి పోయింది? వాడికంటే నా బోర్డులు బాగా లేవా?"

"బోర్డులు ఎవరు చూస్తారు మామయ్యా, ముందు పేజీకి తగిలించిన పేరు చూస్తారు. దాన్నే టైటిల్ అంటాం. సెర్చ్‌లో నీలం రంగులో కనిపిస్తుందే, ఆ వరుస. మీ నలభై ఒక్క పేజీలకూ ఏం పేరుందో చదవండి."

బాబాయి చదివాడు. నలభై ఒక్కసార్లూ 'హోమ్' అని ఉంది.

"ఇదేమిటి, షాపు మీద 'షాపు' అని బోర్డు పెట్టినట్టు?"

"నేనే అలా వదిలేశాను. మీరు పట్టించుకోరు కదా అని" అని కోడలు నాలుక కరుచుకుంది.

బాబాయికి ఆ క్షణంలో సంగతంతా అర్థమైపోయింది. టైటిల్ అంటే బోర్డే. గోడ మారింది, అంతే. వెంటనే తన మొదటి టైటిల్ చెప్పాడు, కోడలు టైపు చేసింది: "మెరుపు ఒక దొంగ, బోర్డులన్నీ నావి."

"పెట్టమంటారా?"

"ముందు పెట్టు."

పెట్టింది. నాలుగు రోజులు పోయాక వెతికి చూస్తే ఆ టైటిల్ ఎక్కడా లేదు. పేజీలో ఉన్న బట్టల షాపు బోర్డు పేరు తీసుకుని సెర్చ్ తనే ఒక పేరు తగిలించింది.

"టైటిల్లో ఒకటి ఉండి, పేజీలో ఇంకొకటి ఉంటే అది నమ్మదు మామయ్యా. మీ పేజీలో దొంగెక్కడున్నాడు? షర్టులున్నాయి."

"పగ తీర్చుకోవడానికి కూడా నిజాయితీ కావాలా దీనికి?" అని బాబాయి విసుక్కున్నాడు. రెండోసారి ఆయన చెప్పిన టైటిల్: "బోర్డులు, బోర్డు, షాపు బోర్డు, మంచి బోర్డు, గట్టి బోర్డు, బోర్డులు కావాలా బోర్డులు."

"బస్టాండులో వేరుశనగలు అమ్ముతున్నట్టుంది" అంది కోడలు. "మనుషులు నోటితో ఏమని అడుగుతారో అది రాయండి."

ఆ మాట మాత్రం బాబాయి చెవిలో బాగా నాటుకుంది. మర్నాటి నుంచి కొట్టులో ఒక నోటుపుస్తకం తెరిచి పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళు అడిగింది అడిగినట్టు రాసుకున్నాడు. "చేతిరాత ప్రకటనా ఫలకం కావాలి" అని ఒక్క ప్రాణి కూడా అడగలేదు. "వానకి రంగు పోకూడదు బాబాయ్" అన్నాడు గొడుగులు బాగుచేసేవాడు. "పాత బోర్డు మీదే పేరు మార్చాలి, మా నాన్న పేరు తీసి నాది పెట్టాలి, ఆయన చూడకముందే" అన్నాడు తాళాలవాడి కొడుకు. పదిహేను రోజులకు పుస్తకం సగం నిండింది.

తర్వాత కొలత. సెర్చ్‌లో టైటిల్‌కి ఇచ్చే చోటు ఇంతేనని, మించితే మూడు చుక్కలు పెట్టి నరికేస్తుందని కోడలు చెప్పింది. "ఇన్ని అక్షరాలని లెక్కుంది" అంటే బాబాయి ఒప్పుకోలేదు. "అక్షరాలు లెక్కపెడతారటమ్మా? 'గ' సన్నగా నిలబడుతుంది, 'ఘ' కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. చోటు కొలవాలి." స్కేలు తెచ్చి తెర మీద ఆనించి కొలిచాడు. అసలు మాట ముందుకు, కొట్టు పేరు చివరికి, ఏ రెండు పేజీలకూ ఒకే టైటిల్ కాకుండా, నలభై ఒకటి రాశాడు. "వాన పడినా రంగు పోని షాపు బోర్డు" అని ఒకటి. "పాత బోర్డు విప్పకుండానే పేరు మారుస్తాం" అని ఒకటి. "పెచ్చులూడిన గోడ మీద కూడా నిలిచే పెద్ద అక్షరాలు" అని ఇంకొకటి. ఒక్కటి కూడా చుక్కల పాలు కాలేదు. ఆఫీసులో ఆరేళ్ళుగా ఇదే పని చేస్తున్న కోడలు స్కేలు అడిగి పుచ్చుకుంది.

రెండు నెలలు తిరిగేసరికి బాబాయి పేజీలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. మెట్ల కింద కొట్టు వెతుక్కుంటూ కొత్త మనుషులు వచ్చారు. గొడుగు తెరిచే చోటులో నలుగురు నిలబడితే బాబాయి బయట నిలబడాల్సి వచ్చేది.

ఒకరోజు మధ్యాహ్నం కోడలు ఆఫీసు నుంచే ఫోను చేసింది.

"మామయ్యా, మీ బావమరిది మన టైటిళ్ళు ఎత్తేశాడు! నలభై ఒకటీ! ఫ్లెక్సులు వేసేవాడు 'చేత్తో రాస్తాం' అని పెట్టుకున్నాడు, సిగ్గు లేదూ!"

"చేత్తో రాసుకున్నాడా, ఎలా ఎత్తాడు?"

"పేజీలు చేసే చోట మన లింకు ఇస్తే టైటిల్ దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఫోను పట్టుకుని కూర్చుని వారానికోసారి లాక్కుంటున్నట్టున్నాడు. మనం మార్చినప్పుడల్లా వాడివీ మారుతున్నాయి."

"ఫోన్లో వాడికి ఎంత కనిపిస్తుంది?"

"చిన్న పెట్టె. మొదటి నాలుగు మాటలు."

అవతల నుంచి కోడలికి ఒక చప్పుడు వినిపించింది. మామగారు నవ్వుతున్నాడు. పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన అలా నవ్వడం ఆమె వినలేదు. పాత తలుపు గడియ తీసినట్టుంది ఆ నవ్వు.

"అమ్మాయీ, సాయంత్రం కొంచెం పెందలాడే రా. మన టైటిళ్ళకి తోక కడదాం."

ఆ సాయంత్రం కోడలు తల పట్టుకుంది. "ఇన్నాళ్ళూ కొలిచి కొలిచి రాసి, ఇప్పుడు పొడుగు చేస్తారా? చివర్న చుక్కలొస్తాయి."

"రానీ. ముందున్నది జనానికి. చుక్కల వెనక ఉన్నది మా బావమరిదికి."

నలభై ఒక్క టైటిళ్ళ చివరా ఒకే తోక కట్టారు. "ఇక్కడున్న ప్రతి అక్షరం రాసింది మెట్ల కింద కొట్టు బ్రష్షు బాబాయి." బాబాయి పేజీలో అది ఉన్న మాటే, ఎవరికీ తప్పు పట్టే పనిలేదు. సెర్చ్‌లో ఎలాగూ తోక కనిపించదు, చుక్కల దగ్గరే ఆగిపోతుంది. కానీ ఎవరైనా లింకుని ఫోనులో సంఘం గ్రూపుకి పంపితే, దాని కింద టైటిల్ తల నుంచి తోక దాకా పడుతుంది. అది కోడలు చెప్పింది. అది విన్నాక బాబాయి రెండో కప్పు టీ అడిగాడు.

మంగళవారం కట్టిన తోక శుక్రవారానికల్లా మెరుపు పేజీల్లో తేలింది. చివరిదాకా చదవడం వాడి ఒంట్లో లేదని బాబాయికి తెలుసు. ఏడేళ్ళు చూశాడు.

ఆ వచ్చే ఆదివారం పొద్దున సంఘం సభ. కొత్త సందులోని ముప్పై కొట్లకూ ఒకే రకం బోర్డులు పెట్టాలని, ఆ పని ఎవరికివ్వాలో ఆ రోజు తేల్చాలని అనుకున్నారు. బాబాయి తెల్లచొక్కా వేసుకుని వెళ్ళి మళ్ళీ మూడో వరుసలోనే కూర్చున్నాడు. పక్కన పిన్ని.

"మీ మొహం చూస్తే భయమేస్తోందండీ. ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు. మీ తమ్ముడే చేసుకుంటాడు."

మెరుపు లేచాడు. పన్ను మెరిసింది. "అందరూ ఫోన్లు తియ్యండి. నా పేజీ లింకు గ్రూపులో వేస్తున్నాను. బ్రెడ్డు షాపు బోర్డు, మొన్న ఫలకం వచ్చిందే, అదే. నెట్‌లో నా పేజీలు ఎలా పైకి వచ్చాయో చూడండి."

అరవై ఫోన్లు ఒకేసారి కిలకిలమన్నాయి. సంఘం పెద్ద దర్జీ. దగ్గర చూపు ఆనదు. ఫోను చెయ్యి చాచినంత దూరం పట్టుకుని, "ఏదో రాసుందయ్యా, నువ్వే చదివి పెట్టు" అన్నాడు.

మెరుపు మైకు పట్టుకుని గొంతు సవరించుకుని, రైల్వే ప్రకటనలా గడగడా చదివాడు: "దూరం నుంచి కూడా చదవగలిగే బ్రెడ్డు షాపు బోర్డు, చేత్తో రాసి ఇస్తాం, ఇక్కడున్న ప్రతి అక్షరం రాసింది మెట్ల కింద కొట్టు బ్రష్షు..."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చివరిదాకా చదవబోయాడు. ఒక్క మాట ముందు నోరు ఆగిపోయింది.

"ఆగావేం?" అన్నాడు దర్జీ. "బ్రష్షు ఎవరు?"

మెరుపు అక్క వైపు చూశాడు. పిన్ని ఫోన్లోకి చూస్తోంది. మూడో వరుసలోంచి బాబాయి లేవకుండానే, చాలా నెమ్మదిగా అన్నాడు: "ఒక్క మాటే కదరా మిగిలింది. చదివెయ్యి."

"...బాబాయి" అన్నాడు మెరుపు. మైకులో.

ముందు గొడుగులవాడు నవ్వాడు. తర్వాత బ్రెడ్డు షాపాయన లేచి, "నేను అప్పుడే చెబుదామనుకున్నా, నిచ్చెన మీద దగ్గింది ఈయనే" అన్నాడు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని ఎవరూ అడగలేదు. తర్వాత సభ మొత్తం పైకప్పు ఎగిరిపోయేలా నవ్వింది. ఆ దెబ్బకు ఆవరణలో పావురాలు లేచిపోయి మూడు రోజులు తిరిగి రాలేదని చెబుతారు. బాబాయి మాత్రం నవ్వలేదు. ఈసారి చేతులు వాటంతట అవి లేవకుండా మోకాళ్ళ మీద ఆనించి పెట్టుకున్నాడు. కడుపు నిండా అన్నం తిన్నవాడిలా కుర్చీలో వెనక్కి వాలాడు. ముప్పై బోర్డులూ ఆయనకే వచ్చాయి.

అక్కడితో అయిపోవలసింది. కానీ మెరుపు ఆ మధ్యాహ్నమే కంగారులో నలభై ఒక్క టైటిళ్ళూ తుడిచేసి, ఖాళీగా వదిలేశాడు. ఖాళీగా ఉంటే ఎవరూ నవ్వరు కదా అనుకున్నాడు. రెండు వారాలకు వెక్కిరింతలు మళ్ళీ మొదలయ్యాయి. ఎవరు బోర్డుల కోసం వెతికినా మెరుపు పేజీ "బ్రష్షు బాబాయి బోర్డులు" అనే పేరుతో కనిపిస్తోంది.

నిప్పు తొక్కినవాడిలా పరుగెత్తుకొచ్చాడు ఇంటికి.

"బావా, ఇది కూడా నువ్వే చేశావా?"

"నేను వేలు కూడా పెట్టలేదురా. అమ్మాయీ, చెప్పు."

కోడలు చెప్పింది. "మనం పేజీకి పేరు చెప్పకపోతే, నలుగురూ దాన్ని ఏమని పిలుస్తున్నారో చూసి సెర్చ్ అదే పెడుతుందండి. బ్రెడ్డు షాపు, మందుల షాపు, దర్జీ గారు, అందరూ వాళ్ళ పేజీల్లో మీ లింకు పెట్టి 'బ్రష్షు బాబాయి బోర్డులు ఇక్కడ చూడండి' అని రాశారు. సరదాకి."

మెరుపు కుర్చీలో కూలబడ్డాడు. "అక్కా, నువ్వయినా చెప్పవే."

"నేను చెప్పేదేముంది? మూతలు తీసిచ్చేవాణ్ణి అడుగు" అంది పిన్ని, నీళ్ళ గ్లాసు ముందు పెట్టి.

మెరుపు నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "తప్పయిపోయింది బావా."

బాబాయి తీరిగ్గా విన్నాడు. సరిగ్గా వినబడలేదన్నట్టు చెవి దగ్గరగా పెట్టి ఇంకోసారి చెప్పించుకున్నాడు. ఆ తర్వాత షరతు చెప్పాడు: తన బోర్డుల ఫోటోలన్నీ తీసెయ్యాలి, అద్దపు ఫలకం తెచ్చి, ఆ బోర్డు కిందే తగిలించమని బ్రెడ్డు షాపాయన చేతికివ్వాలి. మెరుపు ఆ రోజే రెండూ చేశాడు. అప్పుడు బాబాయి స్కేలు పట్టుకుని, అతని పేజీకి తనే టైటిల్ రాసిచ్చాడు: "ఫ్లెక్సు ప్రింటింగు, పొద్దున ఇస్తే మధ్యాహ్నానికి." మంచి టైటిల్. ఉన్నది ఉన్నట్టుంది, చుక్కలు లేవు. మెరుపు దాన్ని చివరిదాకా రెండుసార్లు చదువుకున్నాడు.

వారం గడిచాక మళ్ళీ వచ్చాడు. "బావా, పేజీలో మారింది. వెతికితే మాత్రం ఇంకా నీ పేరే వస్తోంది."

"సెర్చ్ మళ్ళీ వచ్చి చూసుకోవాలి కదరా. దానికెన్ని కోట్ల పేజీలో. దాని తీరిక."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"నాకేం తెలుసు, మూతలు తీసేవాణ్ణి."

ఫలానా పేజీ మారింది, వెంటనే వచ్చి చూసుకో అని సెర్చ్‌ని పిలవడానికి ఒక బటన్ ఉంది. దాన్ని నొక్కితే చాలా సార్లు రెండు మూడు రోజుల్లోనే పని అయిపోతుంది. ఆ సంగతి కోడలికి తెలుసు. చెబుదామని నోరు తెరిచింది. బాబాయి కళ్ళజోడు మీదుగా ఆమె వైపు చూశాడు. కోడలు బిస్కెట్టు ఒకటి తీసి నోట్లో పెట్టుకుంది.

ఇంకో ఇరవై రెండు రోజులు పట్టింది. ఆ ఇరవై రెండు రోజులూ బాబాయి పొద్దున్నే లేచి, మొహం కూడా కడుక్కోకుండా, బావమరిది పేజీ వెతికి చూసుకుని, ఆ తర్వాతే టీ తాగేవాడు.